గేటు దాటని అంకె

తెర మీద వేగం చూపే గీత మెల్లగా పైకి లేస్తోంది. బండి వేగాన్ని చూపే చుక్క దాని మీంచి జారకూడదు. అతను కాలి బొటనవేలి బరువుతోనే ఆక్సిలరేటర్ నొక్కాడు. కింద రోలర్లు గిర్రున తిరుగుతున్నాయి, బండిని మాత్రం పట్టీలతో నేలకు కట్టేశారు. ఏసీ లేదు, పక్కన మనిషి లేడు, గుంత లేదు, కుక్క అడ్డు రాదు. ఇరవై ఆరేళ్లుగా కార్ల కంపెనీ వాళ్ల ఈ పరీక్ష గదిలో ఇలా లక్షల కిలోమీటర్లు నడిపి గజం ముందుకు పోలేదు మహానుభావుడు. ఇంటికి వెళ్లేది బస్సులో.

అతని కాలు తేల్చిన మైలేజీయే ప్రకటనల్లో అచ్చవుతుంది. ఈ రకం బండికి లీటరుకు ఇరవై నాలుగు. అది చూసే బావమరిది కొన్నాడు. రోడ్డు మీద పదహారు దాటలేదు. అదేమిటని బంధువుల ముందు అడిగితే, "బండి మంచిదేరా, నీకే నడపడం రాదు" అనేశాడితను. అందరూ పగలబడి నవ్వారు. ఎనిమిది నెలలైంది, బావమరిది మళ్లీ గడప తొక్కలేదు.

"మీ అంకెను నెత్తిన పెట్టుకుని ఊరేగండి. నాకు మా తమ్ముడు కావాలి," అని పొద్దున కూడా భార్య అన్నం డబ్బా ఠంగుమనిపించింది.

ఉద్యోగానికి ఈరోజే ఆఖరు. సోమవారం నుంచి పెడల్ నొక్కేది యంత్రమే.

"అమ్మాయ్, ఒక్కసారి ఏసీ వేసి నలుగురి బరువు పెట్టు. మా బస్సు వెళ్లే దారిలా నడిపి చూస్తా," అన్నాడు ఇంజనీరుతో.

"రిపోర్టులోకి ఎక్కదు బాబాయ్," అంటూనే ఆమె మీట నొక్కింది.

గీత లేకపోయేసరికి కాలికి ఏమీ తోచలేదు. కళ్లముందు దారి తెచ్చుకున్నాడు. బడి గేటు, బ్రేకు. సిగ్నలు, బ్రేకు. వంతెన మీద నత్తనడక. చివరికి ప్రింటరు కాగితం మీద వచ్చింది పదిహేను పాయింట్ ఎనిమిది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. రోడ్డు మొహం చూడని తను వాడికి నడపడం రాదన్నాడు!

వెంటనే బావమరిదికి ఫోన్ చేశాడు. "ఒరేయ్, తప్పు నాదేరా. నాకూ పదహారు రాలేదు."

"నలుగురిలో నవ్వులపాలు చేశావు బావా. ఆ నలుగురికీ చూపించేలా కాగితం తీసుకురా, వస్తా."

ఆ కాగితం ఇమ్మంటే ఇంజనీరు తల అడ్డంగా ఊపింది. "గేటు దాటనివ్వరు బాబాయ్. లెక్కప్రకారం ఈ పరీక్ష జరగనేలేదు."

"కాగితం ఇవ్వరట్రా. నేనే వచ్చి అందరికీ చెప్తా."

"అచ్చులో ఉన్నదాన్ని నోటిమాటతో చెరిపేస్తావా? ఎవరు నమ్ముతారు బావా?" బావమరిది ఫోన్ పెట్టేశాడు.

ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లూ అతని అంకెలన్నీ గేటు దాటి ఊళ్లు తిరిగాయి, ఇదొక్కటే దాటకూడదట! విసురుగా కలం తీసి ఆ కాగితం మీద గీకాడు. ఐదింటికి గుర్తింపు కార్డు గేటు దగ్గర ఇచ్చేసి బస్సెక్కాడు.

ప్రింటరు మీద కాగితం అలాగే ఉండిపోయింది. పదిహేను పాయింట్ ఎనిమిది, కింద ఎవరూ అడగని అతని సంతకం.