వీపు వెనక బెల్టు

"మా ఆవిడకీ సీటు బెల్టుకీ పడదండీ, అందుకే ఇంత దెబ్బ" అని కారు ప్రమాదం తర్వాత పరామర్శకొచ్చిన వాళ్ళందరికీ ఆయన చెబుతూనే ఉన్నాడు. వచ్చినవాళ్ళు "అయ్యో, కాస్త పెట్టుకోవాల్సిందమ్మా" అని ఆమెకు బుద్ధులు చెప్పి, కాఫీ తాగి వెళ్ళేవారు. ఆ కాఫీ కూడా ఎడమచేత్తో ఆమె కలిపిందే.

అసలు సంగతి వేరు. ఆ కారులో ముందు సీటు పేరుకే సీటు, పనికి వంటిల్లు. వెనక కూర్చున్న అత్తగారికి మాత్రలూ మంచినీళ్ళూ, కూతురికి వలిచిన పళ్ళూ, బండి తోలే ఆయనకు తుడిచిన కళ్ళద్దాలూ అన్నీ అక్కణ్ణుంచే సరఫరా. బెల్టు పెట్టుకుంటే వెనక్కి చెయ్యి అందదు. పెట్టుకోకపోతే కారు కుయ్ కుయ్‌మని గోల. "ఇంట్లో నీ గొణుగుడు, ఇక్కడ దీని గొణుగుడూనా?" అని ఓరోజు ఆయనే బెల్టు లాగి, ఆమె వీపు వెనకగా తిప్పి టక్కున బిగించాడు. కారు నోరు మూసుకుంది. ఆమె నోరు అంతకుముందే మూతపడింది కాబట్టి తొమ్మిదేళ్ళు ప్రయాణాలు హాయిగా సాగిపోయాయి.

ఆ ఉదయం అత్తగారు "అమ్మాయ్, మాత్ర" అంది. ఆమె సీట్లో మోకాలు మడిచి, వెనక్కి తిరిగి, సీసా మూత తీస్తోంది. ముందున్న లారీ ఆగిపోవడం ఆమె చూళ్ళేదు. రోడ్డు ఆయన వైపుంది, ఆమె మొహం ఇంటివాళ్ళ వైపుంది. ఎయిర్‌బ్యాగులు రెండూ తెరుచుకున్నాయి. ఆయన చొక్కా నలిగింది. అత్తగారి మోకాలు వాచింది. ఆమె కుడి భుజం మూడు ముక్కలయింది.

"బెల్టూ బ్యాగూ మొగుడూ పెళ్ళాల్లాంటివమ్మా. ఒకటి పట్టి ఉంచితేనే రెండోది కాపాడుతుంది. నిటారుగా కూర్చుంటే అది దిండు, వెనక్కి తిరిగుంటే గుద్దు" అన్నాడు ఎముకల డాక్టరు. ఆమెకు నవ్వొచ్చింది. నవ్వితే భుజం కలుక్కుమంది.

ఆమె లెక్కల టీచరు. ఇప్పుడు ఆ చెయ్యి ఛాతీ దాటి పైకి లేవదు. బోర్డు పైసగం నల్లగా ఖాళీగానే ఉంటోంది. "టీచర్, కాస్త పైన రాయండి, తలకాయలు అడ్డొస్తున్నాయి" అంది వెనకబెంచీ పిల్ల. "పైన లెక్కలు పైవాడు చూసుకుంటాడులే" అని క్లాసంతా నవ్వించి, అటు తిరిగి, శుభ్రంగా ఉన్న బోర్డునే చాలాసేపు తుడుస్తూ నిలబడింది.

కొత్త కారొచ్చింది. "ఆరు ఎయిర్‌బ్యాగులు! బ్రేకు తనంతట తనే వేసుకుంటుంది! వెనక సీటుకి కూడా బెల్టు మోగుతుంది!" అని ఆయన మురిసిపోయాడు. "నీకు చెయ్యి తిరగదుగా, వెనక కూర్చో. పిల్ల ముందు కూర్చుంటుంది. నాన్నమ్మకి అందించేవాళ్ళు ఉండాలిగా."

పధ్నాలుగేళ్ళ కూతురు ముందెక్కి, మాత్రల సంచి ఒళ్ళో పెట్టుకుంది. ఎవరూ చెప్పకుండానే బెల్టు లాగి, వీపు వెనకగా తిప్పి, టక్కున బిగించింది.

ఆ టక్కు వినగానే ఆమె గబగబా చుట్టూ తిరిగొచ్చింది. ముందు తలుపు తీసి, ఎడమచేత్తో బెల్టు విప్పి, పిల్ల గుండెల మీదుగా తెచ్చి బిగించింది. సంచి తీసుకెళ్ళి అత్తగారి ఒళ్ళో పెట్టింది.

"మీ మాత్రలు మీ దగ్గరే ఉంచుకోండి అత్తయ్యా."

"మరి దారిలో అమ్మకేదైనా అందించాలంటే?" అన్నాడు ఆయన.

"మీరే అన్నారుగా, కారుకి బ్రేకులున్నాయని. ఆపండి."

వెనకెక్కి కూర్చుంది. తన బెల్టు కుడిభుజం పక్కన, పైనెక్కడో వేలాడుతోంది. కుడిచెయ్యి లేవలేదు, ఎడమచెయ్యి అందలేదు. కారు కుయ్ కుయ్‌మని మొదలెట్టింది. "ఏమిటా గోల? ఏదో ఒకటి చేసి దాని నోరు మూయించు" అన్నాడు ఆయన, రోడ్డుకేసి చూస్తూనే.

ఎవరో ఒకరు వెనక్కి తిరిగి తనని చూసేదాకా ఆమె దాన్ని మోగనిచ్చింది.