వీధిపోటు ఇల్లు అమ్మబడును

నేను ఒక మండువా ఇంటిని. విజయనగరంలో కోటకు కూతవేటు దూరంలో ఉంటాను. వకీలు జోగారావుగారు నన్ను కట్టించినప్పుడు నా ఎదురుగా మామిడితోట ఉండేది. తోట గాలి తిన్నగా లోపలికి రావాలని ఆయన బర్మా టేకుతో ఎత్తైన సింహద్వారం పెట్టించి తెగ మురిసిపోయారు. అప్పట్లో నాకూ కాస్త పొగరుండేదని ఒప్పుకుంటాను.

కొన్నాళ్ళకు తోట కొట్టేసి అక్కడ వీధి వేశారు. అది తిన్నగా వచ్చి నా గుమ్మం ముందు ఆగింది. వచ్చింది అది, కదలకుండా ఉన్నది నేను. తప్పు మాత్రం నా నెత్తిన పడింది. "వీధిపోటు, ఇంటికి అరిష్టం" అని ఒక సిద్ధాంతిగారు తేల్చేశారు. అది మొదలు ఎవరికి జ్వరం వచ్చినా, పిల్లాడు లెక్కల్లో తప్పినా కారణం నేనే. ఆ పిల్లాడు పుస్తకం ముట్టిన పాపాన పోలేదని నాకు తెలుసు. విరుగుడుగా ప్రహరీ మీద వినాయకుణ్ణి పెట్టారు. ఒక్కడు చాలడని ఇంకొకణ్ణి పెట్టారు. చివరికి సింహద్వారాన్ని బయటినుంచి ఇటుకలతో మూసేసి, పక్క సందులోకి తల వంచుకుని దూరే గుమ్మం ఒకటి తెరిచారు. నా కళ్ళకు గంతలు కట్టినట్టయింది.

జోగారావుగారి మనవడు భానుమూర్తి పుట్టేనాటికే ఆ ద్వారం మూతబడి ఉంది. ఇప్పుడతనికి యాభై దాటాయి. వాటాదారులంతా నన్ను అమ్మే పని అతనికి అప్పగించారు. పాపం, సందు గోడ మీద 'ఇల్లు అమ్మబడును' అని రాయించి, వచ్చినవాళ్ళను సందులోంచే తీసుకొచ్చేవాడు. వీధి ఊసెత్తేవాడు కాదు. వాళ్ళు మండువా చూసి మెచ్చుకునేవారు, మేడ మీదికెక్కి వీధిని చూసేవారు, చెప్పులేసుకుని వెళ్ళిపోయేవారు. ఆఖరికి ఒక బిల్డరు, నన్ను పడగొట్టి కొత్త గేటు సందువైపు పెట్టుకుంటానన్నాడు. సోమవారంలోగా మాట చెప్పమన్నాడు. నాకు నిజంగా భయం వేసింది. ఈ వయసులోనూ నాకు నిలబడాలనే ఉంది.

ఆదివారం పొద్దున సన్యాసమ్మ వచ్చింది. టిఫిన్ హోటలు నడిపే మనిషి. వంటింటి పొగగొట్టం చూసింది, నూతి నీళ్ళు తోడించి రుచి చూసింది, మేడ ఎక్కింది. దాచి దాచి విసిగిపోయాడో ఏమో, భానుమూర్తి ఈసారి తనే చెప్పేశాడు.

"ఇది వీధిపోటు ఇల్లమ్మా. తర్వాత నన్ను అనుకోవద్దు."

సన్యాసమ్మ పిట్టగోడ మీద చేతులాన్చి వీధి ఆ చివరిదాకా చూసింది.

"ఊళ్ళో నా పొలం రోడ్డులో పోనాది బాబూ. బస్సు కాంప్లెక్సు కాడ నా ఓటేలు రోడ్డు ఎడల్పులో పోనాది. ఇన్నాళ్ళూ రోడ్డు నా కాడ్నించి అట్టుకుపోడమే గానీ తెచ్చింది లేదు. ఇప్పుడో రోడ్డు మనుషుల్ని ఎంటబెట్టుకుని నా గుమ్మంలోకొస్తానంటే ఒద్దంటానేటి?"

నాకు ఆ మనిషిని చూస్తే ప్రాణం లేచి వచ్చింది.

అందరూ వద్దన్న ఇల్లు గనక ధర ఎలాగూ దిగి ఉంది. రోడ్డులో పోయిన పొలానికి ఆమెకు వచ్చిన పరిహారం సరిపోయింది. రిజిస్ట్రేషను అయిన మర్నాడే మేస్త్రీ గునపం పట్టాడు. ఇటుకలు రాలిపోతుంటే నొప్పి తెలియలేదు. టేకు తలుపులు కిర్రుమంటూ తెరుచుకున్నాయి. తోట గాలి ఏనాడో పోయింది, ఆటోల పొగా హారన్లూ వచ్చాయి. అయినా ఎదురుగాలి తగిలి ఎన్నేళ్ళయిందని!

హోటలు తెరిచిన రోజు మొదటి వాయి ఇడ్లీలు దిగే వేళకు భానుమూర్తి వీధి వెంట నడిచి వచ్చాడు. అలవాటు కొద్దీ సందువైపు తిరగబోయాడు.

"ఇటు రండి బాబూ" అని పిలిచింది సన్యాసమ్మ.

నా సింహద్వారం ముందు చెప్పులు విప్పి కాసేపు నిలబడ్డాడు. ఈ ఇంట్లో పుట్టి పెరిగినవాడు తాతగారి గుమ్మంలోంచి లోపలికి రావడం అదే మొదటిసారి. గడప దాటుతూ తల వంచాడు. పైకమ్మి అతనికి మూరెడు ఎత్తున ఉంది. యాభై ఏళ్ళు సందు గుమ్మంలో వంగిన మెడ మరి.

తలెత్తుకుని రా నాయనా, అన్నాను. అతనికి వినబడలేదు. ఫర్వాలేదు, రేపు కూడా ఇడ్లీకి వస్తాడు.