చెప్పులు విడిచే చోటు

బర్మా నతానియేలు ఏ కొత్త చోటికి వెళ్లినా మొదట అడిగే మాట ఒకటే: "ఈడ చెప్పులు యాడ ఇడుస్తారప్పా?"

శ్రీకాకుళం దగ్గర పుట్టి, పద్నాలుగేళ్లకే ఓడెక్కి రంగూన్ బియ్యం మిల్లులో చేరాడు. యుద్ధంలో బాంబులు పడితే అరకాన్ కొండలు దాటి నడిచి వచ్చాడు. యుద్ధమయ్యాక మళ్లీ వెళ్లి, అక్కడే చెన్నమ్మను పెళ్లాడాడు. అరవై నాలుగులో ఇద్దరు కూతుళ్లతో, ఒక కుట్టుమిషన్‌తో కాందిశీకుల ఓడ దిగాడు. చెన్నమ్మ పెద్దలది ఈ వైపు పగిడ్యాల కాబట్టి మా నంద్యాలలో నిలిచిపోయాడు. ఆరు నెలల్లో మా యాస పట్టేశాడు. సైకిలు మీద పాణ్యం, ఆళ్లగడ్డ తిరిగి కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. ఎంత దూరం పోయినా కూతుళ్లు అన్నానికి కూర్చునే వేళకు ఇల్లు చేరేవాడు.

డెబ్బై తొమ్మిదిలో నా భార్య దెబోరా పోయింది. ఆ తర్వాత అతను నెలనెలా వచ్చి, ఎవరూ కుట్టని ఆమె మిషన్‌కు నూనె వేసి పోయేవాడు. "పట్టేస్తాది సారూ, తిప్పుతాండాల" అనేవాడు. అంతకు మించి ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు.

ఎనభై మూడులో అతనే పోయాడు. మా సంఘంలో ఏడాది నిండిన ఆదివారం సమాధి రాయి నిలిపి ప్రార్థన చేస్తాం.

"రాయి పని నువ్వే చూడన్నా. ఈ ఊర్లో ఆయప్పకు సొంతమని ఉండేది ఆ ఆరడుగులే" అంది చెన్నమ్మ. మాటిచ్చాను.

ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే బాలస్వామికి పేరు, తేదీలు, శిలువ కాగితం మీద గీసిచ్చాను. శనివారం వెళ్తే రాయి సిద్ధంగా ఉంది. శిలువ, పేరు, అన్నిటి కింద నిండుగా విచ్చిన తామర.

"ఇదేంది బాలస్వామీ? నేను గీసిచ్చింది కాదే!"

అతను నాలుక కరుచుకున్నాడు. "తామర పీఠం లేకుండా ఏదీ నిలబెట్టి ఎరగం సార్. చెయ్యి దానంతటదే పోయింది. తీసేమంటే తీస్తా. పైనుండే పేరు పగిలితే నన్ననొద్దు."

తెల్లవారితే ప్రార్థన. గోనెసంచుల్లో చుట్టించి బస్సెక్కించాను. "లోపల దేవుడా, మనిషా?" అన్నాడు కండక్టరు. మనిషే అన్నాను. అయినా ఎవరి కాళ్లూ తగలకుండా వెనక సీటు కిందికి జరిపించాడు.

ఆదివారం సమాధుల తోటలో సంఘపెద్ద యాకోబు గోనె విప్పి చూశాడు.

"ఏంది సారూ, దేవళం కడతాండావా? ఇది ఈడ నిలపకూడదు."

కూతుళ్లు తల్లి వైపు చూశారు. చెన్నమ్మ వంగి రేకుల మీద వేలు నడిపింది.

"చెక్కినాయప్పది ఏ ఊరన్నా?"

"ఆళ్లగడ్డమ్మా" అన్నాను.

"పెద్ద మనిషిని నిలబెట్టాలంటే ఆడ కింద ఇట్లేస్తారా?"

"వేస్తారు."

"ఏస్తే ఏసిరి. యాడికి పోయినా ఆ ఊరోళ్లు పెట్టిందే తిన్యాడు, వాళ్లు పరిచిన చాప మీదే కూసున్యాడు. ఈ పొద్దు వద్దంటాడా?" యాకోబు వైపు తిరిగింది. "నీ పెళ్లాం మిషన్ కోసం పాణ్యం నుంచి వానలో తడుస్తా వచ్చినాడే! ఆ మనిషికి ఒక పువ్వు ఇయ్యలేవాన్నా?"

యాకోబు తల వంచుకున్నాడు. అప్పుడు చూశాడు, ఆమె కాళ్లకు చెప్పుల్లేవు. మా సమాధుల తోటలో ఎవరూ చెప్పులు విడవరు.

"యాడ ఇడిచినావమ్మా?" అన్నాడు మెల్లగా.

"ఆ గట్టు కాడ."

అతను వెళ్లి తన చెప్పులు వాటి పక్కన విడిచి, తిరిగొచ్చి రాయికి ఒక కొన పట్టాడు.

"పట్టు సారూ, బరువుండాది."