చూపకూడని గుర్రం

మీరే చేశారు ఇది. పూలగుత్తులు పట్టుకుని, యూనివర్సిటీకీ గేముల కంపెనీలకీ మధ్య వంతెన వేశామని ఫొటోలు దిగిన డీన్లూ డైరెక్టర్లూ, మీరే. ఒప్పందంలో ఒకచోట విద్యార్థి తన పనిని కమిటీకి చూపించి తీరాలని రాశారు. ఇంకోచోట ఆ పనిని ఎవరికీ చూపకూడదని రాశారు. రెండింటి కిందా సంతకాలు గీకి, కాఫీలు తాగి వెళ్లిపోయారు. మధ్యలో నలిగింది బోగ్నా అనే విద్యార్థిని.

పోలండ్‌లోని వూచ్ నగరంలో, పాత నూలుమిల్లులో పెట్టిన గేముల స్టూడియోలో ఏడాదిపాటు ఆమె ఒక గుర్రాన్ని నడిపించింది. తెర మీది గుర్రం. ఎత్తుపల్లాల మీద నడిచేటప్పుడు దాని డెక్కలు రాతిలోకి దిగబడకూడదు, గాలిలో తేలకూడదు. వినడానికి ఇంతే. దానికోసం వానలో తడుస్తూ అడవి పక్క గుర్రపుశాల చుట్టూ తిరిగింది. బురద వాలు దిగే గుర్రం ముందుకాలిని ఎలా వేస్తుందో ఫోనులో పట్టింది. చివరికి ఒకరోజు తెర మీది గుర్రం తడి రాయి దగ్గర ఆగి, కాలితో నేలను తడిమి, అప్పుడు బరువు వేసింది. ఆమెకు పని చెప్పే కయెతన్ కుర్చీ వెనక నిలబడి చూశాడు.

"ఏయ్, ఇది భయపడుతోందే," అన్నాడు.

చేరిన రోజు అతన్ని 'గారూ' అంటే నవ్వాడు. "ఇక్కడ గార్లూ గీర్లూ లేవమ్మా. అందరం ఒకరికొకరం 'నువ్వే'."

ఆ గుర్రమే ఆమె డిగ్రీ. దాన్ని కమిటీ ముందు నడిపించి చూపితేనే పాసు. పరీక్ష దగ్గర పడ్డాక స్టూడియో ఆ గుర్రం ఉన్న గేమును ఆపేసింది, సగం మందిని ఇంటికి పంపింది. ఆగిపోయిన గేము కూడా రహస్యమేనంది. మర్నాడు బోగ్నా కార్డుకు గేటు తెరుచుకోలేదు.

పరీక్ష గది బయట స్నేహితురాలు మిలెనా, కమిటీకి పెట్టడానికి బోగ్నా వాళ్లమ్మ చేసిచ్చిన చీజ్‌కేకు పట్టుకుని నిలబడింది.

"గుర్రం అన్న మాట కూడా అనకూడదా?"

"అనకూడదట."

"మరేం చెప్తావే?"

"నాలుగు కాళ్లున్నది అని."

"కుర్చీ అనుకుంటారు. కుర్చీని నడిపించావంటే ఇంకా మెచ్చుకుంటారులే."

లోపల మధ్యలో డీన్ మ్రోచెక్, పక్కన బోగ్నా గైడు ఒతిలియా మేడం, చివర్న కంపెనీ తరఫున కయెతన్. ఇస్త్రీ చొక్కాలో అతన్ని చూడటం బోగ్నాకు అదే మొదటిసారి. గోడ మీద ఆమె బొమ్మలు ఒక్కొక్కటే పడ్డాయి. అన్నింటి మీదా రహస్యం కోసం కంపెనీ వేసిన నల్ల పట్టీలే.

"ఏమ్మా, ఈ నలుపు కింద ఏముంది?" అన్నాడు డీన్.

"చెప్పడానికి అనుమతి లేదు సార్."

"దీని కింద?"

"అదే సార్."

"పోనీ, కయెతన్ గారు చూశారుగా," అంది ఒతిలియా మేడం. "పని బాగుందని ఒక్క మాటంటే మార్కులు వేద్దాం."

"ఆ మాట చెప్పే అధికారం నాకు లేదండీ," అన్నాడు కయెతన్, బల్ల మీది కేకు వైపు చూస్తూ. తర్వాత బోగ్నాతో, "మీరు కూడా ఒప్పందం దాటి మాట్లాడకుండా ఉంటే మంచిది."

మీరు. ఏడాదిలో అతని నోట ఆ మాట ఆమె ఎప్పుడూ వినలేదు.

"నువ్వు నా వెనకే నిలబడ్డావు కయెతన్. నడిచిందా లేదా. అంతే చెప్పు."

అతను ఒప్పందం కాగితాలు తిరగేశాడు. నెలాఖరుకి అతన్నీ తీసేస్తున్నారని ఆమెకు తెలుసు. ఇక్కడ నోరు విప్పితే ఇంకే స్టూడియో గడపా తొక్కనివ్వరని అతనికి తెలుసు.

బోగ్నా రెండు చేతులూ బల్ల మీద పెట్టింది. వేళ్లతో నడిచింది. కేకు పళ్లెం అంచు దగ్గర ముందు చెయ్యి ఆగింది, తడిమింది, అప్పుడు బరువు వేసింది. ఒతిలియా మేడం ముందుకు వంగింది.

"అది కూడా ఒప్పందం కిందికే వస్తుందండీ," అన్నాడు కయెతన్ గొంతు తగ్గించి. "దయచేసి ఆపండి."

ఆమె చేతులు ఒళ్లోకి తీసుకుంది.

ఆమెను బయటికి పంపి, మళ్లీ పిలిచేసరికి పళ్లెంలో పొడి మిగిలింది.

"కేకు బాగుందని మీ అమ్మగారికి చెప్పు," అన్నాడు డీన్. "చూడని పనికి మార్కులు వేయలేం కదమ్మా. ఇంకో అంశం తీసుకుని వచ్చే ఏడు రా."

"ఎక్కడ చేయాలి సార్?"

"ఏదో ఒక స్టూడియోలో. వంతెన ఉందిగా."

మెట్ల దగ్గర కయెతన్ ఆమెను అందుకున్నాడు. "చాలా బాగా నడిచింది. నువ్వు..."

"మీరు అనండి," అంది బోగ్నా, ఆగకుండా.

శనివారం ఆ స్టూడియో కంప్యూటర్లన్నీ తుడిచేస్తారు. గుర్రం పోతుంది. సోమవారం ఆ పరీక్ష గదిలోనే కొత్త బ్యాచీ చేత అదే ఒప్పందం మీద సంతకాలు పెట్టిస్తారు. పిల్లలూ, పెట్టకండి. గేము బతికినా చచ్చినా, చేసిన పనిని కమిటీకి చూపే హక్కు విద్యార్థిదేనని రాసేదాకా పెన్ను ముట్టుకోకండి. డీన్లూ డైరెక్టర్లూ, మీకు శనివారం దాకా టైముంది. ఒక గది, ఒక తెర చాలు. తుడిచేలోపు ఆ గుర్రాన్ని బయటికి తెచ్చి, ఆ అమ్మాయి చేత నడిపించి, అప్పుడు మార్కులు వేయండి.