తట్టగానే వదలాలి

ఆ పిల్లకి కోపం ముక్కు మీదే ఉంటుంది. అందుకే వీధి మొత్తం ఆమెని టపాకాయ అని పిలిచేది. పదహారేళ్ళు నిండేలోపే రెండు స్కూళ్ళు దణ్ణం పెట్టి పంపేశాయి. ఇక మూడో స్కూలు హెడ్మిస్ట్రెస్ మెలిక పెట్టింది. ఈ పిల్లని నమ్మొచ్చని జూడో మాస్టారు రాసిస్తేనే సీటు, లేదంటే లేదు. సీటు రాకపోతే, పెంచిన పిన్ని పక్కనే ఇంకో కుట్టుమిషన్ వేసుకుని కూర్చోవడమే గతి.

మాస్టారు పగలు బస్సు డిపోలో మెకానిక్కు. సాయంత్రం పాత గోడౌన్‌లో పరుపులు పరిచి జూడో నేర్పేవారు. రాసిమ్మంటే "చూద్దాంలే" అన్నారు. ఎందుకనరు మరి! చేరిన రెండో నెలలోనే టపాకాయ ఒక అమ్మాయి చెయ్యి మెలేసి పట్టింది. నొప్పికి తాళలేక ఆ అమ్మాయి రెండుసార్లు తట్టింది. జూడోలో తట్టడమంటే ఓడిపోయానని ఒప్పుకోవడం, ఆ క్షణమే వదిలెయ్యాలి. ఈ మహాతల్లి వదల్లేదు. పాపం, ఆ పిల్ల మోచెయ్యి వాచిపోయింది.

"ఎందుకు వదల్లేదు?"

"గెలిచింది నేనని దానికి బాగా తెలియాలి కదా!"

మాస్టారు అరవలేదు. అరిచినా బాగుండేది. మూడు నెలలు ఎవర్నీ పట్టుకోకూడదు, ఎవరు పడేస్తే వాళ్ళ చేతిలో పడాలి, అంతే అన్నారు. పదేళ్ళ బుడతలు కూడా ఆమెని ఎత్తి కుదేశారు. మొదటి వారం పళ్ళు నూరుతూ పడింది, రెండో వారం ఏడుస్తూ పడింది. పోనుపోను, పడ్డచోటి నుంచే "నడుం ఇంకా వంచరా, బద్ధకం వెధవా" అంటూ వాళ్ళకి నేర్పడం మొదలుపెట్టింది. చిరిగిన జూడో కోటు కాలరుకి పిన్ని ప్రతి ఆదివారం సణుగుతూనే రెండు వరసల కుట్టు వేసేది.

స్కూళ్ళు తెరిచే ముందు క్లబ్బుల పోటీలొచ్చాయి. గెలిస్తే మాస్టారు రాసిచ్చేస్తారన్న ఆశతో టపాకాయ ఫైనల్‌దాకా వెళ్ళింది. అక్కడ ఒక పొడుగు పిల్ల తగిలింది. కిందామీదా పడి చివరికి దాని చెయ్యి దొరకబుచ్చుకుంది. పిన్ని కుర్చీ ఎక్కి మరీ కేకలు పెడుతోంది. అంతలో టపాకాయ తొడ మీద రెండు దెబ్బలు తగిలాయి. మెల్లగా, కానీ తట్టడమే. రిఫరీ అటువైపున్నాడు, చూళ్ళేదు.

టపాకాయ వదిలేసింది.

పొడుగు పిల్ల తట్టిన సంగతి మింగేసి, ఒక్క దొర్లు దొర్లి ఆమెని అదిమి పట్టింది. గెలిచింది కూడా. టపాకాయకి ఒళ్ళంతా మండిపోయింది. ఓడిపోయినందుకు కాదు, స్కూలు పోయినట్టేనని. అయినా గొంతులోకొచ్చిన మాటని మింగి, వంగి నమస్కారం పెట్టి బయటికొచ్చింది.

"చేతికి చిక్కిందాన్ని వదిలేశావేంటే, పిచ్చిమొహమా!" అని పిన్ని తల బాదుకుంది.

"తట్టింది పిన్నీ."

"ఎవరూ చూళ్ళేదు. నేనూ చూళ్ళేదు," అన్నారు మాస్టారు.

"నాకు తగిలింది కదా మాస్టారూ!"

మాస్టారు పెన్నిమ్మని పిన్ని ముందు చెయ్యి చాపారు. ఆవిడ సంచి మొత్తం కుమ్మరించింది. కత్తెర, టేపు, సుద్దముక్క, గుండీలు. పెన్ను మాత్రం లేదు. రిఫరీనే అడిగి తెచ్చుకుని, స్కోరు కాగితం వెనక రాశారు మాస్టారు: 'ఈ పిల్లని నమ్మొచ్చు. తట్టగానే వదులుతుంది.'

అది చదివి టపాకాయ అందరి ముందూ వెక్కివెక్కి ఏడ్చింది.

పిన్ని కళ్ళు తుడుచుకుంటూ సూదిలో దారం ఎక్కించింది. "చాల్లే ఏడ్చింది. ఇటు తిరుగు, కాలరు మళ్ళీ చింపుకొచ్చావు."