రేకుల మీద వీధి

స్టేడియం పక్కనున్న గొయ్యిని తిట్టని మనిషి ఆ ఊళ్ళో లేడు. ఆట చూడ్డానికి వచ్చినవాళ్ళు లోపల తమ జట్టును తిట్టుకుని, బయటికొచ్చాక గొయ్యిని తిట్టుకుని ఇళ్ళకు పోయేవారు. జట్టయినా అప్పుడప్పుడు గెలిచేది. గొయ్యి మాత్రం ఎప్పుడు చూసినా గొయ్యే.

ఒకప్పుడు అక్కడ ఒక వీధి ఉండేది. టీ కొట్టు, చెప్పుల కొట్టు, జెండాలమ్మే కొట్టు, మూలమీద బోర్డులు రాసే రంగులాయన షాపు. ఇవన్నీ తీసేసి పెద్ద భవనం కడతాం, కింద మొదటి వరుస దుకాణాలు మీకే అని కంపెనీవాళ్ళు చెబితే వీధి వీధంతా తలూపింది. ఊపకపోయినా ఆగేవాళ్ళు కాదనుకోండి. కొట్లు కూలగొట్టడం మాత్రం చకచకా కానిచ్చారు. పొయ్యి మీది గిన్నె దించేలోపే వెనక గోడ పోయిందని టీ కొట్టు అక్క ఇప్పటికీ చెబుతుంది. ఆవిడ మాటకు రెండు కలిపి చెప్పే మనిషే గానీ, ఈ విషయంలో పెద్దగా కలపలేదు. తర్వాత గొయ్యి తవ్వారు. తవ్విన యంత్రాలు వెళ్ళిపోయాయి. వానలు పడ్డాయి, గొయ్యి నిండింది, కప్పలు కాపురం పెట్టాయి. కట్టాల్సినవాళ్ళు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు.

గొయ్యి చుట్టూ రేకుల కంచె ఉంది. రోడ్డువైపు ఆ కంచె పొడవునా ఒక బొమ్మ. మెరిసే అద్దాల భవనం, దాని కింద వరుసగా దుకాణాలు, చేతిలో సంచులతో నవ్వుకుంటూ నడిచే జనం. ఆ బొమ్మ వేసింది రంగులాయనే. కంచె కట్టిన కొత్తలో కంపెనీవాళ్ళు పిలిచి వేయించారు. తన షాపు కూలిన చోటే నిలబడి రాబోయే షాపు బొమ్మ గీశాడు. మూలమీద తనకిస్తామన్న దుకాణం గీసి, దాని గుమ్మంలో ఆకుపచ్చ గొడుగు పట్టుకున్న ఒకావిడను నిలబెట్టాడు. ఆవిడ ఎవరో వీధిలో అందరికీ తెలుసు. రంగులాయన ఇంటావిడకు ఎండ పడదు, గొడుగు లేకుండా గుమ్మం దాటదు. బొమ్మ కింద కంపెనీ ఆయన చెప్పినట్టే ఒక వాక్యం రాశాడు: "పాత దుకాణాలవారికే మొదటి వరుస." ఓ చివర తన సంతకం పెట్టాడు.

షాపు పోయాక రంగు డబ్బాలు ఇంట్లోకి వచ్చాయి. ఇల్లంటే ఒకటే గది. మంచం కింద రంగులు, కిటికీలో కుంచెలు, వంట గట్టు మీద టర్పెంటైన్ సీసాలు. రాసిన బోర్డులు ఆ గదిలోనే ఆరేవి. మొదట ఆవిడకు దగ్గొచ్చింది. తర్వాత ఆయాసం పట్టుకుంది. డాక్టరు గుండెల మీద గొట్టం పెట్టి చూసి, "రంగులైనా బయటికి పోవాలి, ఈవిడైనా పోవాలి" అన్నాడు. రంగులు పోతే తిండి పోతుంది. అందుకని ఆవిడే పోయింది, ఊరికి ఆ చివర చెల్లెలింటికి. షాపు చేతికొచ్చేదాకానే కదా అనుకున్నారు ఇద్దరూ.

ఆ 'దాకా' ఎంతకీ రాలేదు. రంగులాయన సెలవు రోజున చేతులు ఎర్రబడేలా తోముకుని, ఉతికిన బట్టలు కట్టుకుని పెళ్ళాన్ని చూడ్డానికి వెళ్ళేవాడు. ఎంత తోమినా ఆవిడకు వాసన తెలిసిపోయేది. ఒక పక్క దగ్గుతూనే, "ఇంకాస్త దగ్గరికి రండి, ఏం కాదులే" అనేది. ఆయన మాత్రం గుమ్మం దగ్గరే కుర్చీ వేసుకునేవాడు. ఈ వయసులో చుట్టాల ఇంట్లో సొంత పెళ్ళానికి చుట్టంలా వెళ్ళిరావడం ఆయనకు తల కొట్టేసినట్టుండేది.

వీధివాళ్ళ తరఫున అర్జీలు రాసి కాళ్ళరిగేలా తిరిగింది విజిల్ మాస్టారు. ఆయన ఒకప్పుడు ఆ స్టేడియంలో రిఫరీ. పదవి పోయినా మెడలో విజిల్ పోలేదు. ఏ ఆఫీసుకెళ్ళినా విజిల్‌తోనే వెళ్ళేవాడు. చివరికి నగరపాలక ఆఫీసువాళ్ళు దిగొచ్చారు. స్థలం చూడ్డానికి వస్తామన్నారు. పని నిజంగానే ఆగిపోయిందని వాళ్ళు తేలిస్తే ఒప్పందం రద్దవుతుంది, గొయ్యి పూడ్చి స్థలం తిరిగి పాతవాళ్ళకే ఇస్తారు. చిన్నచిన్న షెడ్లయినా వేసుకోవచ్చు. రంగులాయనకు కావలసింది ఒక షెడ్డే. రంగులు అందులోకి, ఇంటావిడ ఇంట్లోకి.

"మనం చేసేదేం లేదు," అన్నాడు మాస్టారు, కొట్టు పోయాక కంచెకెదురుగా అక్క పెట్టుకున్న టీ బండి దగ్గర టీ తాగుతూ. "ఆ ఊడిన రేకు ఉందిగా, అది పక్కకు జరిపి లోపల నీళ్ళు చూపిస్తాం. మాటలక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు చూస్తే చాలు."

"కప్పల్ని కూడా అరవమని చెప్పి ఉంచుతా," అంది టీ కొట్టు అక్క.

వీధివాళ్ళ మధ్య చాన్నాళ్ళకు నవ్వులు వినిపించాయి. రంగులాయన పెళ్ళానికి ఫోన్ చేసి, "సంచీ సర్దుకో" అన్నాడు. అనకుండా ఉండాల్సింది. కానీ మనిషికి గంపెడాశ పుట్టాక నోరు ఊరుకుంటుందా?

అధికారులొచ్చే రోజు తెల్లవారుతుండగానే ఆయనకు మెలకువ వచ్చింది. టీ బండి కూడా తెరవలేదు. ఊరికే కంచె దాకా వెళ్ళి నిలబడ్డాడు. ఎండకీ వానకీ బొమ్మ వెలిసిపోయింది. భవనం పాలిపోయింది, జనం ముఖాలు పోయాయి. కింద రాసిన వాక్యం దగ్గరికెళ్ళి చూస్తే 'పాత' అన్న మాట మిగిలింది, తక్కినదంతా తుడిచిపెట్టుకుపోయింది. కంపెనీ తమకు మాటిచ్చిందని చెప్పడానికి ఊరి మధ్యలో నిలబడి ఉన్న సాక్ష్యం అదొక్కటే. అధికారులు ఏం చదువుతారు?

ఇంటికెళ్ళి డబ్బాలు తెచ్చాడు. మామూలు డబ్బాలు కావు. స్టేడియం గేట్లకు వేసే రకం, ఎండకు బెదరదు, వానకు కరగదు. కొత్త షాపు వస్తే సొంత బోర్డు రాసుకుందామని మంచం కింద అట్టేపెట్టుకున్న రంగులవి. వాక్యం ఒక్కటీ దిద్ది వచ్చేద్దామనే వెళ్ళాడు పాపం. దిద్దాడు. అక్షరాలు నిగనిగలాడాయి. అయితే వాటి పక్కన బొమ్మ మరీ వెలవెలబోతూ కనిపించింది. కింద తన సంతకం ఉంది. సంతకం పెట్టిన పని అలా వెలిసిపోయి ఉంటే, పెద్దవాళ్ళు వచ్చి చూస్తే, పెయింటరుకు పరువేం మిగులుతుంది? పైగా ఇది ఆయనకు చేతిలో ఊరిపోయిన అలవాటు. స్టేడియానికి పెద్దవాళ్ళెవరొచ్చినా ముందురోజు గేట్లకు రంగు వేసేది ఆయనే. పెద్దవాళ్ళొస్తున్నారంటే ఆ చెయ్యి కుంచె కోసం వెతుక్కుంటుంది.

దుకాణాలకు రంగు వేశాడు. జనానికి ముఖాలు పెట్టాడు. గొడుగు దగ్గర ఎక్కువసేపు ఆగాడు. అన్నిటికంటే చిక్కటి ఆకుపచ్చ దానికే వేశాడు. మధ్యలో ఒక రేకు గాలికి కొట్టుకుంటూ కుంచెకు అందకుండా సతాయించింది. జేబులో మేకులుంటాయి, బోర్డులు రాసేవాడికి మేకులకేం కొదవ? నాలుగు మేకులు దిగ్గొట్టాడు. రేకు కదలకుండా కూర్చుంది. దాని మీద అద్దాల భవనం తలుపు గీసి, రెండడుగులు వెనక్కి వచ్చి చూసుకుని తృప్తిపడ్డాడు. ఆ రేకు ఏ రేకో ఆయనకు తట్టనే లేదు. పనిలో పడితే అంతే ఆ మనిషి, పక్కన పిడుగు పడినా వినపడదు.

అధికారులు కారులో వచ్చారు. ఆ రోజు ఆట ఉంది, కాసేపట్లో రోడ్లు మూసేస్తారు, వచ్చినవాళ్ళకు కాలు నిలవడం లేదు. ముందు నడిచింది నల్ల కళ్ళద్దాల మేడమ్. వెంట కంపెనీ ఆయన, మొహం నిండా నవ్వు. బొమ్మ ముందుకు రాగానే మేడమ్ ఆగిపోయింది.

"అరే, బాగుందే," అంది.

"బొమ్మ సంగతి వదిలెయ్యండి మేడమ్," అన్నాడు విజిల్ మాస్టారు. "లోపల చూడండి. ఇదిగో, ఈ రేకు జరిపితే..."

రేకు జరగలేదు. చేత్తో తోశాడు, భుజంతో తోశాడు. ఇస్త్రీ చొక్కాకు రంగంటింది గానీ రేకు ఇంచు కూడా కదల్లేదు.

"నిన్నటిదాకా ఇది తలుపులా తెరుచుకునేది మేడమ్, నా మాట నమ్మండి," అంది టీ కొట్టు అక్క.

"భద్రత కోసం కంచె ఎప్పటికప్పుడు సరిచూస్తున్నాం," అన్నాడు కంపెనీ ఆయన. సరిచూడ్డం మాట దేవుడెరుగు, ఆయన ఆ కంచె మొహం చూసి ఎన్నాళ్ళయిందో ఆయనకే తెలియదు. గేటు తాళం గురించి మాస్టారు అడిగాడు. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉందట, వాచ్‌మన్ సెలవులో ఉన్నాడట.

మేడమ్ బొమ్మలోని గొడుగు మీద వేలు పెట్టి చూసింది. వేలికి ఆకుపచ్చ అంటుకుంది. "తడి కూడా ఆరలేదు. పని ఆగిపోయిందని ఎందుకు రాశారు మీరు?" అని మాస్టారిని అడిగింది. కోపంగా కాదు, నిజంగానే అర్థం కాక అడిగింది.

అప్పుడు చూశాడు రంగులాయన ఆ నాలుగు మేకుల్ని. నీళ్ళు నమిలితే లాభం లేదని తనకు తనే చెప్పుకుని ముందుకొచ్చాడు. అందరిముందూ తిట్లు తిన్నా ఫర్వాలేదు, నిజం తేలితే చాలనుకున్నాడు.

"ఆ రంగు వేసింది నేనండి. ఇవాళ పొద్దున్నే. మేకులు కూడా నేనే కొట్టాను. నేను ఈ వీధివాణ్ణే, నాకు మూలమీద షాపుండేది."

మేడమ్ ఆయన చేతులు చూసింది. గోళ్ళ సందుల్లో ఆకుపచ్చ. "చాలా బాగా వేశారు," అని కంపెనీ ఆయన వైపు తిరిగింది. "ఇక్కడివాళ్ళకే పని ఇస్తున్నారన్నమాట. మంచిది, అది కూడా రాస్తాను."

"అది కాదండి, నాకెవరూ ఇవ్వలేదు, నా అంతట నేనే..."

"అంత ఇష్టంగా చేశారన్నమాట," అంది ఆవిడ మెచ్చుకోలుగా. స్టేడియంలోకి జనం రావడం మొదలైంది, బూరలు మోగుతున్నాయి. ఆ గోలలో ఆయన తక్కిన మాటలు ఎవరికీ వినపడలేదు. మేడమ్ బొమ్మ ముందు నిలబడి ఫోటో తీయించుకుంది. పని సాగుతోంది కాబట్టి గడువు పెంచమని రాస్తానని చెప్పి కారెక్కింది. కారు వెళ్ళిపోయింది.

వీధివాళ్ళు ఎవరూ ఆయన్ని కొట్టలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. టీ కొట్టు అక్క ఆయన వంక చూసి, వెళ్ళి గిన్నెలు కడుక్కుంది. విజిల్ మాస్టారు విజిల్ నోట్లో పెట్టుకుని, ఊదకుండానే తీసేశాడు.

"తప్పు ఎవరిదని ఊదనయ్యా?" అన్నాడు. "మనవాడే మన గోల్‌లో కొట్టాడు." ఆయన మొహం చూసి జాలేసిందో ఏమో, భుజం మీద చెయ్యేశాడు. "పోనీలే. నువ్వు రంగు వెయ్యకపోయినా వాళ్ళు ఏదో ఒకటి రాసేవాళ్ళే."

అది నిజమో, ఓదార్పో రంగులాయనకు తెలియలేదు. తెలుసుకునే దారి కూడా లేదు. నిజమైతే తన తప్పు లేదు, కానీ ఆశ కూడా ఎప్పుడూ లేదన్నమాట. ఆ రెంటిలో ఏది కోరుకోవాలో తోచక రోడ్డు మీదే నిలబడ్డాడు. లోపల ఎవరో గోల్ కొట్టినట్టున్నారు, స్టేడియం హోరెత్తిపోయింది.

సాయంత్రం మరదలింటికి వెళ్ళేసరికి గుమ్మం పక్కనే సంచీ ఉంది. దాని మీద ఆకుపచ్చ గొడుగు అడ్డంగా పెట్టి ఉంది. మరదలు మంచినీళ్ళిచ్చి, "అక్క పొద్దుటినుంచీ మిమ్మల్ని తలుచుకుంటూనే ఉంది బావగారూ" అని నవ్వి లోపలికి పోయింది. ఇంటావిడ తల దువ్వుకుని, చెప్పులు వేసుకుని కూడా కూర్చుంది. ఆయన మొహం చూశాక చెప్పులు విప్పేసింది.

"ఏమన్నారు?"

"గడువు పెంచుతారట."

ఆయన కుర్చీ జరుపుకోబోతుంటే దగ్గు అందుకుంది. దగ్గు తగ్గాక ముక్కు ఎగబీల్చి చూసింది. "కొత్త రంగు వాసన. పొద్దున్నే పని చేశారా? ఎక్కడ?"

చెప్పాడు. వాక్యం దిద్దడం, మేకులు, మేడమ్ వేలు, అన్నీ చెప్పాడు. దాచుకుందామన్నా ఆ గోళ్ళు దాచనిచ్చేవి కావు. ఆవిడకు మళ్ళీ దగ్గు రావడంతో ఆయనే లేచి గుమ్మం బయటికెళ్ళి మెట్టు మీద కూర్చున్నాడు. ఆవిడ కిటికీ తెరిచి ఆ పక్కన కూర్చుంది.

"నా గొడుగుక్కూడా వేశారా?"

"వేశాను. అన్నిటికంటే చిక్కగా దానికే."

ఆవిడ కోపంగా లేదు. అదే ఆయనకు మరీ కష్టంగా ఉంది. ఆవిడ లేచి సంచీలోంచి బట్టలు ఒక్కొక్కటే తీసి చెల్లెలి బీరువాలో పెట్టసాగింది. అన్నీ అయ్యాక గొడుగు తలుపు వెనక కొక్కానికి తగిలించి, మళ్ళీ కిటికీ దగ్గరికి వచ్చింది.

"బొమ్మ మళ్ళీ వెలిసిపోతే అధికారులొస్తారేమో కదా," అంది. "ఈ రంగు ఎన్నాళ్ళుంటుంది?"

మన బోర్డుకని దాచినదే వేశానని ఆవిడకు చెప్పలేకపోయాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకున్నాడు.

"మంచి రంగే," అన్నాడు. "తొందరగా పోదు."