పెదొచిన్ గోడ మీదుగా

2019 సెప్టెంబరు పద్నాలుగు, శనివారం, ట్రియెస్తె నగరం. ఉన్నది ఇద్దరం: తుల్లియో అనే నేను, నీవెస్. మాకు పెళ్ళి కాలేదు, ఒకే ఇంట్లో కాపురమూ లేదు. ఏళ్ళ తరబడి సాగుతున్న సెలవురోజుల స్నేహం మాత్రం ఉంది. ఆమె అద్దెకుంటున్న ఇంటిని యజమాని అమ్మేశాడు. ఉదీనె అనే ఊళ్ళో ఉన్న ఆమె అక్క ఒక గది ఖాళీ చేసి పెట్టింది. సోమవారానికల్లా నీవెస్ అక్కకు జవాబు చెప్పాలి. ఆలోగా నీవెస్‌ను నా ఇంటికి రమ్మని అడగాలి. వేసవి పొడుగునా ఆ పని నావల్ల కాలేదు.

ఉదయం కాఫీ బల్ల దగ్గర, ఆనాటి కార్యక్రమం రాసుకున్న చీటీ తీయబోతే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఇవాళ ఏ ఏర్పాటూ లేదు. కాళ్ళు ఎటు తీసుకెళ్తే అటే. తర్వాత ఏం చేద్దామన్న మాట ఎత్తినవాళ్ళు కాఫీ ఇప్పించాలి."

"మధ్యాహ్నం భోజనం ఎక్కడో కూడా అనుకోవద్దా?"

"అప్పుడే మొదలుపెట్టావు. ఇప్పించు."

ఇప్పించాను. పాతబస్తీ సందుల్లో, ఎండపొడ ఉన్నచోట ఎండలో, లేనిచోట నీడలో నడిచాం. పాత పుస్తకాల దుకాణం ముందు నేను ఆగబోతే ఆమె నా మోచెయ్యి పట్టి లాక్కుపోయింది. ఒబెర్దాన్ కూడలిలో, మూడేళ్ళుగా నడవని ట్రామ్ కోసం బల్ల మీద కూర్చున్నాం.

"వస్తుందంటావా?" అన్నాను.

"రాకపోతే పోనీ. కూర్చోవడానికి బాగుంది."

రేవులోకి చొచ్చుకుపోయిన రాతికట్ట చివరిదాకా వెళ్ళి, ఊరంతా చేసినట్టే, వెనక్కి తిరిగాం. గొంతు సవరించుకున్నాను.

"నీవెస్, వచ్చే నెల నుంచి..."

"వచ్చే నెలా? కాఫీ."

"నా మాట పూర్తిగా వినవా?"

"వింటే ఇంకొకటి కూడా తాగాలి. ఇవాళ నాకు నిద్ర పట్టినట్టే."

మధ్యాహ్నం ఉక్క పెరిగి పెదొచిన్ స్నానాల రేవుకు చేరాం. సెప్టెంబరు దాటేదాకా మా ఊళ్ళో ఈత బట్టలు లేని సంచి ఉండదు. మగవాళ్ళు ఇటు, ఆడవాళ్ళూ పిల్లలూ అటు. నడుమ నీళ్ళలోకి దిగిపోయిన తెల్లగోడ. దాన్ని తీసేద్దామనే మాట ఇక్కడ ఎవరికీ గిట్టదు. మొగుడూపెళ్ళాలు కూడా ద్వారం దగ్గర విడిపోయి, సాయంత్రం మళ్ళీ కలుసుకుంటారు.

ఈది వచ్చి గులకరాళ్ళ మీద, వీపు గోడకు ఆనించి కూర్చున్నాను. గోడ అవతలున్న ఆమె ముఖం కనబడకపోవడంతో మాట దానంతట అదే వచ్చింది.

"నీవెస్, ఉదీనె వెళ్ళొద్దు. నా ఇంటికి వచ్చెయ్యి. కలిసుందాం."

అవతలనుంచి ఒక బొంగురు గొంతు పలికింది.

"నాకు ఎనభై రెండేళ్ళు, నాయనా. ఇంటికి లిఫ్టు ఉందా?"

"నేనూ నీవెస్‌నే," అంది మరో గొంతు. "మొగుడున్నాడు. అయినా ఇల్లు ఎట్లా ఉంటుందో చెప్పు, విందాం."

ట్రియెస్తెలో ఆ పేరు పెట్టి గోడ మీదుగా పిలిస్తే ఒక్కరే పలకరని ఇక్కడే పుట్టి పెరిగిన నాకు తట్టలేదు. పక్కనున్న పెద్దమనిషి ముఖం మీది పత్రిక తొలగించాడు.

"ఇంటిపేరు పెట్టి పిలువు గురూ. లేకపోతే బస్సెడు మంది దిగుతారు."

"నీవెస్ బెర్తోక్," అన్నాను, చెవులు మండుతుండగా.

"ఇక్కడే ఉన్నాను." నా నీవెస్ గొంతు సరిగ్గా నా వీపు వెనకనుంచే వచ్చింది. "నీ పుస్తకాలన్నీ ఎక్కడ పెడతావు?"

"నడవలో."

"నడవలో ఇప్పటికే ఉన్నాయి. పక్కకు తిరిగి నడుస్తున్నాం."

"కొన్ని అమ్మేస్తాను."

అవతలి ఆడవాళ్ళందరూ ఘొల్లుమన్నారు.

"నమ్మకు పిల్లా," అంది పెద్ద నీవెస్. "రాయించుకో."

బయటికి వస్తే ద్వారం దగ్గర నా నీవెస్ తడి జుట్టుతో నిలబడి ఉంది. కళ్ళు ఎర్రబడ్డాయి; ఉప్పునీళ్ళవల్ల అంది.

"పొద్దున్నించీ నన్ను అడగనివ్వలేదు," అన్నాను.

"అడగాలనుకున్నవాడికి ఒక కాఫీ అడ్డమా, తుల్లియో? మా అక్కకి ఏం చెప్పాలో తెలియక నేనెన్ని రాత్రులు కూర్చున్నానో నీకేం తెలుసు?"

సంచి అందుకుని ఆమె పక్కన నడిచాను.

దారిలో కనబడిన మొదటి కాఫీ దుకాణంలో వడ్డించేవాడిని ఒక చీటీ అడిగి తీసుకుంది. ఆమె చెప్పింది, నేను రాశాను: నెలాఖరుకు కిటికీ గది పూర్తిగా ఖాళీ కావాలి, బల్ల ఆమెది, మంచం కింద పుస్తకాలు కూడదు. నిఘంటువులకు మినహాయింపు కోరాను. నాలుగు నిఘంటువులకు ఒప్పుకుంది. ఇద్దరం సంతకం చేశాం. ఆమె దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, కళ్ళజోడు పెట్టెలో పెట్టి మూత వేసింది.